మూడు పెడళ్లా, రెండు పెడళ్లా?

మోటారు బండి కొనదలచిన గృహస్థు ముందుగా ధర అడుగుతాడు. తరువాత లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడుగుతాడు. రంగు సంగతి ఇంటివారికి వదలివేస్తాడు. ఈ మూడింటికంటె లోతైన ప్రశ్న మరొకటి ఉన్నది. బండి గేర్లు ఎవరు మార్చవలె? నడిపేవాడా, యంత్రమా? నడిపేవాడే మార్చే బండిలో కాళ్లక్రింద మూడు పెడళ్లుంటాయి: క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు. యంత్రమే మార్చుకొనే బండిలో రెండే ఉంటాయి. ఎడమకాలికి అక్కడ పని లేదు.

పరదేశంనుండి తెప్పించుకొనే వేగపు ఎస్టేటు కారు విషయంలో ఈ ప్రశ్నపై ఔత్సాహికులు గంటలకొద్దీ వాదించుకొంటారు. ఇది ధనికుల విలాసమని ఉపాధ్యాయలోకం త్రోసిపుచ్చవచ్చును. కాని హనుమకొండ వీధులలో స్కూటరుమీద పాఠశాలకు వెళ్లే ఉపాధ్యాయిని కూడ ఈ ప్రశ్నకు తన సమాధానం ఎన్నడో చెప్పివేసింది. మన పనిలో యంత్రానికి ఎంత అప్పగించవలె, ఎంత మన చేతిలో ఉంచుకొనవలె అనే విచారం అందరిదీ. కనుక విషయాన్ని మొదటినుండి పరిశీలించడం మంచిది.

అసలు గేర్లెందుకు? కాజీపేట జంక్షనులో ఆవిరి ఇంజన్లను చూచిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ ఇంజనుకు గేరుపెట్టె లేదు. బాయిలరులో ఆవిరి నిండి ఉంటే చక్రం కదలకముందే ముషలకంమీద పూర్తి ఒత్తిడి పడుతుంది. నిలబడి ఉన్నచోటనే దాని బలం దానికి ఉన్నది. పెట్రోలు ఇంజను సంగతి అట్లా కాదు. అది తిరుగుతూ ఉంటేనే బలం. నిమిషానికి కొన్ని వందల చుట్లకు తక్కువైతే ఆగిపోతుంది. మరీ ఎక్కువ తిరిగితే చెడిపోతుంది. ఈ రెండు హద్దుల మధ్యనే దాని శక్తి అంతా. బండి మాత్రం నిలుకడనుండి మొదలై వంద కిలోమీటర్ల వేగం దాకా పోవలె. ఒకటి ఇరుకు, రెండవది విశాలం. ఈ రెంటినీ పొందుపరచే మధ్యవర్తియే గేరుపెట్టె. గేర్ల సైకిలుమీద గుట్ట ఎక్కే విద్యార్థికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఎక్కేటప్పుడు కాళ్లు ఎక్కువసార్లు తిరుగుతాయి, చక్రం నెమ్మదిగా నడుస్తుంది, కాని బరువు తేలికవుతుంది. మైదానంలో దీనికి తలక్రిందులు.

ఒక గేరునుండి మరొక గేరుకు మారేటప్పుడు ఇంజనుకూ చక్రాలకూ గల సంబంధాన్ని క్షణకాలం తెంచి, మరల మెల్లగా కలపవలె. ఆ పని క్లచ్చిది. కలిపే ఆ క్షణంలోనే నేర్పంతా ఉన్నది. తొందరపడితే బండి ఎగిరిపడి ఆగిపోతుంది. ఆలస్యం చేస్తే క్లచ్చి పళ్లెం కాలి వాసన వస్తుంది. మోటారు నేర్చిన ప్రతి మనిషి ఎడమకాలికీ ఈ పాఠం జ్ఞాపకం ఉంటుంది.

తొలినాళ్లలో ఈ నేర్పు ఇంకా కఠినంగా ఉండేది. ఫ్రాన్సులో పన్హార్డు, లెవస్సారు అనే భాగస్వాములు 1890ల నాటి బండ్లలో జారుడు గేర్లను వాడుకలోకి తెచ్చారు. పళ్ల చక్రాన్ని ప్రక్కకు జరిపి మరొక పళ్ల చక్రంతో కలపవలె. రెండూ ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే సరి, లేకుంటే పళ్లు కొరికిన చప్పుడు వీధి చివరకు వినబడేది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు తమ రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించారు. ఆ బస్సులు స్కాట్లండులో తయారైన ఆల్బియన్ కంపెనీవి. హైదరాబాదు రాజ్యానికి ఓడమీద దిగుమతియై, మన ప్రజల నిత్యజీవితంలో కలిసిపోయిన యంత్రాలవి. ఆ కాలపు పెద్ద బండ్లను నడిపేవారు క్లచ్చిని రెండుసార్లు త్రొక్కవలసి ఉండేది: గేరు విడిపించడానికి ఒకసారి, ఇంజను వేగాన్ని సరిచేసుకొని మరొక గేరులో వేయడానికి మరొకసారి. ఎప్పుడు వేయవలెనో చెప్పే గడియారం లేదు. చెవితో విని తెలుసుకొనవలె. డ్రైవరు ఉద్యోగం ఆనాడు గౌరవమైన విద్యగా ఎంచబడిందంటే ఆశ్చర్యం లేదు.

ఈ కష్టాన్ని తగ్గించినవారిలో ఎర్ల్ థామ్సన్ అనే అమెరికను ఇంజనీరు ముఖ్యుడు. రెండు చక్రాల పళ్లు కలియక ముందే వాటి వేగాలను రాపిడితో సమానం చేసే ఏర్పాటును ఆయన కనిపెట్టాడు. క్యాడిలాక్ కంపెనీ దానిని 1928లో తన కార్లలో ప్రవేశపెట్టింది. నేడు చేతిగేరు కార్లన్నిటిలోనూ ఉండేది ఆ సింక్రోమెష్ ఏర్పాటే. విశేషమేమంటే, చేతిగేరును సుగమం చేసిన ఈ థామ్సనే చేతిగేరుకు ప్రతిపక్షమైన యంత్రాన్ని కూడ తయారుచేసిన బృందానికి నాయకుడైనాడు. జనరల్ మోటార్స్ వారు 1939లో ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చిన హైడ్రామ్యాటిక్ పెట్టె అది. క్లచ్చి పెడలు లేకుండ పెద్ద ఎత్తున తయారైన కార్లలో మొదటిది అదే.

అందులోని మూలసూత్రం జర్మనీ దేశపు హెర్మన్ ఫ్యోటింగరుది. ఆయన 1905లో దానిని ఓడల కోసం ఆలోచించాడు. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే మీట వేయండి. మొదటిది విసిరే గాలికి రెండవది కూడ తిరగడం మొదలుపెడుతుంది. రెండవదానిని చేతితో ఆపినా మొదటిది ఆగదు. గాలికి బదులు నూనె, పంకాకు బదులు మూసిన చిప్పలోని రెక్కలు పెట్టితే ద్రవసంధానం సిద్ధమవుతుంది. బండి నిలిచి ఉన్నా ఇంజను ఆగదు, బయలుదేరేటప్పుడు కుదుపు రాదు. క్లచ్చి పని నూనె చేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తేలికపాటి ట్యాంకులలో కూడ హైడ్రామ్యాటిక్ పెట్టెలను వాడింది. యుద్ధానంతరం 1950లలో ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీ సైతం అమెరికా వారి ఆ పెట్టెనే తన కార్లకు తెచ్చుకొన్నది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాం ప్రభువుల కోసం తయారైన 1912 నాటి రోల్స్ రాయిస్ కారును నేటికీ చూడవచ్చును. అందులో ప్రభువు వెనుక సింహాసనంమీద కూర్చుంటాడు. కాళ్ల శ్రమ అంతా ముందు కూర్చున్న డ్రైవరుది. యజమాని తానే ముందు కూర్చుండి నడపడం మొదలుపెట్టిన తరువాతనే ఎడమకాలి బాధ యజమానికి తెలిసివచ్చింది!

ఇక ఎస్టేటు కారు సంగతి. అమెరికనులు దీనిని స్టేషన్ వాగన్ అంటారు. రైల్వే స్టేషనునుండి మనుష్యులను, పెట్టెబేడలను ఇంటికి చేర్చిన బండి కనుక ఆ పేరు వచ్చింది. సామాను పెట్టెకు వేరే మూత లేక, పైకప్పు వెనుకదాకా సాగి, వెనుక తలుపు పైకి తెరుచుకొనే కారు ఇది. మన దేశంలో 1992లో టాటావారు, తరువాత మారుతి, స్కోడా కంపెనీలవారు ఇటువంటి కార్లను అమ్మినా జనం అంతగా ఆదరించలేదు.

ఐరోపాలో మాత్రం ఈ సంసారపక్షపు బండికే పందెపు గుర్రం వంటి ఇంజను తగిలించడం ఒక సంప్రదాయమైంది. 1994లో వోల్వో వారు బ్రిటిష్ టూరింగ్ కార్ల పందెంలో 850 ఎస్టేటును దించినప్పుడు ప్రేక్షకులు నవ్వుకొన్నారు. కాని ఆ బండి జనం మనస్సులో నిలిచిపోయింది. అదే సంవత్సరం ఆడి వారు పోర్షే కంపెనీ సహాయంతో 315 అశ్వశక్తి గల ఆర్.ఎస్. 2 అనే ఎస్టేటును తెచ్చారు. దానికి ఆరు గేర్ల చేతిపెట్టె ఒకటే ఉన్నది. కొనేవాడు ఎంచుకొనవలసిన పని లేదు.

నిజమైన ఎంపిక ఎదురైనది మరొక బండి విషయంలో. వోల్వో వారు 2003 మొదలు 2007 వరకు తయారుచేసిన వి 70 ఆర్ అనే ఎస్టేటు అమెరికాకు కూడ దిగుమతియైంది. అయిదు సిలిండర్లు, రెండున్నర లీటర్లు, టర్బో యంత్రం, నాలుగు చక్రాలకూ చోదనం, 300 అశ్వశక్తి. ఇంజను ఒకటే, గేరుపెట్టెలు రెండు. ఆరు గేర్ల చేతిపెట్టె తీసుకొన్నవారికి 400 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం దక్కేది. అయిదు గేర్ల స్వయంచాలకం తీసుకొన్నవారికి కంపెనీవారే దానిని 350కి కుదించారు. ఆ పెట్టె అంత బలాన్ని భరించలేకపోవడమే దీనికి కారణం. సౌఖ్యం కోరినవాడు ఎనిమిదవ వంతు బలాన్ని వదలుకొన్నాడన్నమాట. 2006 నమూనాలో ఆరు గేర్ల కొత్త స్వయంచాలకం వచ్చిన తరువాతగాని ఆ లోటు తీరలేదు.

1959 అక్టోబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశాడు. దేశంలోని ఆ తరగతి కళాశాలలలో మొదటిది అదే. అక్కడ చదివినవారు ఎందరో తరువాత అమెరికాలో స్థిరపడ్డారు. గేరు నిష్పత్తులను నల్లబల్లమీద నేర్చినవారికి అటువంటి బండి వాకిట నిలుపుకోవాలని కోరిక పుట్టడం సహజం. కాని దానిని ఓరుగల్లుకు తెచ్చుకోగలరా? తేలేరు. మన దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు మూడేండ్లకంటె పాతది కాకూడదు. స్టీరింగు కుడివైపున ఉండవలె. అమెరికా బండికి స్టీరింగు ఎడమ ప్రక్కన ఉంటుంది. ఆ బండిని మనస్సులో తెచ్చుకొనవలసిందేగాని ఓడలో తెచ్చుకొనే వీలు లేదు.

కొత్త బండిని తెప్పించుకొందామన్నా ఒక చిక్కు ఉన్నది. 2013 బడ్జెటులో ఖరీదైన దిగుమతి కార్లపై సుంకాన్ని 75నుండి 100 శాతానికి పెంచారు. ఆ తరువాత అనేక సంవత్సరాలు బండి ధర ఎంతో సుంకమూ అంతగా ఉండేది. దానికి ఓర్చుకొన్నా ఎంచుకొనడానికి రెండు రకాలుంటే గదా! 2015లో ఆడి ఆర్.ఎస్. 6 ఎస్టేటు మన దేశానికి వచ్చింది. 560 అశ్వశక్తి, నిలుకడనుండి 100 కిలోమీటర్ల వేగం 3.9 సెకండ్లలో. గేర్లు ఎనిమిది, అన్నీ స్వయంచాలకమే. చేతిగేరు కావలెనన్నా ఇచ్చేవారు లేరు.

ఇరువది ఏండ్లలో తలక్రిందులైనదేమిటి? వెనుక చేతిగేరు వేగానికీ పొదుపుకూ పెట్టింది పేరు, స్వయంచాలకం సుఖానికి. నూనెలో జారుడువల్ల కొంత శక్తి వ్యర్థమయ్యేది. ఇప్పుడు వేగం అందుకొనగానే నూనె జారుడును తాళం వేసినట్లు బంధించే ఏర్పాటు వచ్చింది. గేర్ల సంఖ్య నాలుగునుండి ఎనిమిదికి పెరిగింది. 2003లో ఫోక్స్‌వాగన్ వారు జంట క్లచ్చిల పెట్టెను సాధారణ కార్లలో అమర్చారు. ఒక క్లచ్చి మీద బేసి గేర్లు, రెండవదానిమీద సరి గేర్లు. బండి మూడవ గేరులో పోతూ ఉండగానే నాలుగవది సిద్ధంగా కాచుకొని ఉంటుంది. మార్పుకు పట్టే కాలం మనిషి కనురెప్పపాటుకంటె తక్కువ. ఎంతటి ప్రజ్ఞావంతుడి చేయి అయినా దీనితో పోటీపడలేదు. కాబట్టి వేగం కోసం చేతిగేరు కొంటున్నానని నేడు ఎవరైనా అంటే ఆ మాట నిలవదు. దానిని కోరడానికి వేరే కారణం కావలె.

ఓరుగల్లు గృహస్థుకు వేగం లెక్కలకంటె ఊరి లెక్కలు ముఖ్యం. రెండేండ్లకొకసారి మేడారం జాతరకు ములుగు దారిన బండ్లు బారులు తీరుతాయి. గజం కదలి, ఆగి, మరల గజం కదలే ఆ దారిలో మూడు పెడళ్లవాడు క్లచ్చిని ఎన్ని వందలసార్లు త్రొక్కుతాడో లెక్కలేదు. అక్కడ ద్రవసంధానం గల పెట్టె వరప్రసాదమే. కాని రెండు పెడళ్ల బండ్లన్నీ ఒక్కటి కావు. పొడి క్లచ్చిలు రెండు గల పెట్టె ప్రాకుడు నడకలో వేడెక్కుతుంది. 2014లో మారుతి వారు సెలీరియో కారులో తెచ్చిన చవుక రకమున్నది. అది చేతిగేరు పెట్టెయే. క్లచ్చిని త్రొక్కి గేరు మార్చే పనిని మాత్రం ఒక చిన్న యంత్రం చేస్తుంది. ధర తక్కువ, మరమ్మతు సులభం. మారేటప్పుడు చిన్న ఊపు తెలుస్తుంది. కొనేవాడు రెండు పెడళ్లను చూచి ఊరుకొనక లోపల ఏ జాతి పెట్టె ఉన్నదో అడిగి తెలుసుకొనవలె. చేతిగేరు క్లచ్చిని మార్చగల మెకానిక్కు ప్రతి పట్టణంలోనూ దొరుకుతాడు. దిగుమతి బండి స్వయంచాలకపు పెట్టె చెడితే దానిని విప్పే పనిముట్లు, కంప్యూటరు, విడిభాగాలు ఎంత దూరాన ఉన్నవో కొనే రోజుననే విచారించడం వివేకం.

ఈ లెక్కలన్నిటికీ మించినది మరొకటి ఉన్నది: ఎవరు నడపగలరు? చేతిగేరు స్కూటరులో ఎడమచేతితో క్లచ్చి పట్టి పిడిని త్రిప్పవలె. స్టార్టు చేయడానికి కాలితో తన్నవలె. 1984లో కైనెటిక్ హోండా, 2001 ప్రాంతంలో హోండా యాక్టివా వచ్చిన తరువాత ఆ రెండు శ్రమలూ పోయాయి. చట్టం వీటిని గేరు లేని వాహనాలంటుంది. శాస్త్రం దృష్టిలో అది సరికాదు. వీటిలో ఒక పట్టీ, వెడల్పు మారే రెండు చక్రాలు ఉండి, గేరు నిష్పత్తి మెట్లు మెట్లుగా కాక నిరంతరంగా మారుతుంది. గేరు లేకపోవడం కాదు, లెక్కకు మించిన గేర్లుండడం. ఆ పట్టీయే ఎందరో ఆడపిల్లలను, ఉపాధ్యాయినులను ఇతరుల వెనుకసీటునుండి ముందుసీటుకు తెచ్చింది. చిన్ననాడు పోలియో సోకి ఎడమకాలు చచ్చుబడినవాడు కూడ రెండు పెడళ్ల కారును తానే నడుపుకొని ఉద్యోగానికి వెళ్లగలడు. క్లచ్చి నేర్పును ఎంత కీర్తించినా ఈ స్వాతంత్ర్యం ముందు అది చిన్నదే.

అయితే నేర్పు వ్యర్థమేనా? ఓరుగల్లు చరిత్రే ఒక సమాధానం ఇస్తున్నది. 1934లో ఇక్కడ ఆజంజాహి మిల్లు వెలసింది. ఆవిరితో, విద్యుత్తుతో నడిచే ఆ మహాయంత్రం ముందు చేతిమగ్గం నిలువదని అనుకొన్నవారుండవచ్చును. మిల్లు మూతపడింది. కొత్తవాడ మగ్గాలమీద జంపఖానాలు నేటికీ నేస్తున్నారు. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. దీనినిబట్టి చేయి ఎల్లప్పుడూ యంత్రాన్ని గెలుస్తుందని చెప్పరాదు. నేతగాండ్ర కష్టాలు తెలిసినవారెవరూ అట్లా అనరు. కాని వేగంలో ఓడినంత మాత్రాన నేర్పు నశించదనీ, దానికి వేరొక విలువ ఉన్నదనీ చెప్పవచ్చును.

ఉపాధ్యాయులకు ఈ సంగతి తమ వృత్తిలోనే తెలుసు. లెక్కల యంత్రం చేతిలో ఉన్నా ఎక్కాలు ఎందుకు నేర్పుతున్నారు? జవాబు కోసం కాదు. వచ్చిన జవాబు సరియైనదో కాదో విద్యార్థికి తోచడం కోసం. చేతిగేరు మీద నేర్చినవాడు ఇంజను శబ్దం మారగానే దాని కష్టాన్ని పసిగట్టుతాడు. దిగుడు రోడ్డుమీద బ్రేకును నమ్ముకొనక చిన్న గేరులోకి దింపుతాడు. తరువాత అతడు జీవితమంతా స్వయంచాలకమే నడిపినా ఆ జ్ఞానం వదలిపోదు. బ్రిటనులో స్వయంచాలకం మీద మాత్రమే పరీక్ష ప్యాసైనవారికి చేతిగేరు బండి నడిపే హక్కు ఇవ్వరు. చేతిగేరు మీద ప్యాసైనవారికి రెండూ నడిపే హక్కు ఉన్నది. అక్కడి చట్టం కూడ ఈ తారతమ్యాన్నే గుర్తించింది.

కనుక తీర్పు ఇట్లా ఉండవచ్చును. కాలుచేతులు సహకరించే యువకులు, యువతులు చేతిగేరు మీదనే నేర్చుకొనవలె. నిత్యం పట్టణంలో తిరిగే గృహస్థు, మోకాలు నొచ్చే పెద్దవాడు సిగ్గుపడక స్వయంచాలకం కొనవలె. అది సోమరితనం కాదు, మరమ్మతు చేసేవాడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకొంటే చాలు. వేగపు ఎస్టేటును కేవలం ఇష్టంకొద్దీ కోరేవాడికి రెండూ దొరికే అదృష్టం పడితే, తెల్లవారుజామున హైదరాబాదు దారి ఖాళీగా ఉన్నప్పుడు తన చేయి ఊరక ఉండగలదా అని తన్ను తానే అడుగుకొనవలె. ఊరక ఉండలేని చేయి అయితే మూడు పెడళ్లే తీసుకొనవలె.

ఈ వివాదం ఎక్కువకాలం సాగకపోవచ్చును. విద్యుత్ మోటారుకు ఆవిరి ఇంజను గుణమే ఉన్నది. నిలుకడనుండే పూర్తి బలం. అందుచేత విద్యుత్ కార్లలో సాధారణంగా మార్చవలసిన గేర్లే ఉండవు. కాజీపేటలో ఆవిరి ఇంజనుతో మనకు తెలిసిన ఆ సరళత్వానికే మోటారు బండి నూరేండ్లు చుట్టుతిరిగి చేరుతున్నది. అప్పుడు క్లచ్చి అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. తరగతిలో రెండు పంకాలను ఎదురెదురుగా పెట్టి, ఒక గేర్ల సైకిలును తలక్రిందులుగా నిలిపి, ఉపాధ్యాయులు ఆ సంగతి వారికి చూపవచ్చును.